మజాక్‌కి కూడా ఒక అడ్రస్ ఉండాలి

మూడు ఖబర్లు చెబుతాను. ఏది సచ్, ఏది ఝూట్ మీరే చెప్పండి.

ఒకటి. 1948లో లండన్ ఒలింపిక్స్ అయ్యాక మన హిందుస్తాన్ ఫుట్‌బాల్ జట్టు హాలెండ్ వెళ్లి, అక్కడి అజాక్స్ క్లబ్‌ను 5-1తో ఓడించింది. రెండు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ క్లబ్ మూడున్నరేళ్లలో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ క్లబ్ అయిపోయింది. మూడు. 2025లో మన దేశం జట్టుకు కోచ్ కావాలని ప్రకటన ఇస్తే స్పెయిన్ దిగ్గజాలు గ్వార్డియోలా, జావీ ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు.

నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్‌లో నలుగురు దోస్తులను ఇదే అడిగాను. మొదటిది మజాక్ అన్నారు. రెండోది అఫ్వా అన్నారు. మూడోదాన్ని మాత్రం పేపర్లో చదివాం, ఖర్చు ఎక్కువని జావీని వద్దన్నారట కదా అన్నారు. అసలు సంగతి సరిగ్గా ఉల్టా. మొదటి రెండూ సచ్. మూడోది నఖలీ. ఆ ఈమెయిళ్లు అసలైనవి కావని ఫుట్‌బాల్ ఫెడరేషనే తర్వాత ప్రకటించింది. జావీ పేరుతో మెయిల్ పంపింది తానేనని ఒక కాలేజీ కుర్రాడు బయటికొచ్చాడు. అప్పటికే ఆ ఖబర్ దేశం దాటిపోయింది.

మన ఫుట్‌బాల్ హాలత్ ఇది. సచ్ చెబితే నవ్వుతారు, ఝూట్ చెబితే నమ్ముతారు. ఇలాంటి చోట పేరడీ రాసే పిల్లల గురించి ఇవాళ మాట్లాడాలి. ఎందుకంటే అలాంటివాడొకడు మా ఖాందాన్‌లోనే ఉన్నాడు.

మా ఆపా కొడుకు, నా భాంజా, డిగ్రీ మొదటి ఏడాది. నాంపల్లిలో ఉంటారు. ఇంటర్ నుంచే అజాక్స్ క్లబ్ మీద ఒక పేరడీ పేజీ నడుపుతున్నాడు. పేజీ పేరు చెప్పను, ఆపా ఊరుకోదు. నాంపల్లి లడకాకు ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్‌తో ఏం వాస్తా అంటారా? హకీమ్ జియెష్, నుసైర్ మజ్రావీ అక్కడ ఆడినవాళ్లే. 2022 వరల్డ్ కప్‌లో మొరాకో సెమీఫైనల్ దాకా వెళ్లినప్పుడు మన మొహల్లాల్లో పిల్లలు ఎంత ఖుష్ అయ్యారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జట్టులో వీళ్లిద్దరూ ఉన్నారు. మనవాళ్లలాంటి పేర్లు ఎక్కడ కనిపిస్తే అక్కడికి పిల్లల కళ్లు పోతాయి. అలా మొదలైన మొహబ్బత్ అది.

పైగా ఆ క్లబ్ పేరడీ రాసేవాళ్లకు దేవుడిచ్చిన దౌలత్. 1971, 72, 73 వరుసగా మూడేళ్లు యూరప్ కప్పు గెలిచిన క్లబ్, యోహాన్ క్రైఫ్ ఆడిన క్లబ్, 2023 అక్టోబర్ చివర్లో తమ దేశపు లీగ్‌లో పద్దెనిమిది జట్లలో పద్దెనిమిదో స్థానంలో కూర్చుంది. ఆ రోజు మావాడి పోస్టు, క్లబ్ అధికారిక ప్రకటన మాదిరిగా: "మేము అట్టడుగున ఉన్నామన్నది తప్పుడు ప్రచారం. పట్టికను తలకిందులుగా చూసే తహజీబ్ మీకు లేదు." 2025లో ఇంకా ఘోరం. ఇంకో ఐదు మ్యాచ్‌లు ఉన్నాయనగా తొమ్మిది పాయింట్లు ముందున్న అజాక్స్, టైటిల్‌ను పీఎస్‌వీ చేతిలో పెట్టి ఇంటికొచ్చింది. దానికి మావాడు: "గుమ్‌షుదా: తొమ్మిది పాయింట్లు. ఆఖరిసారి ఏప్రిల్‌లో కనిపించాయి. దొరికినవాళ్లు నాంపల్లి స్టేషన్ క్లోక్ రూంలో జమచేసి రసీదు తీసుకోగలరు." కప్పు ఎప్పుడు తెస్తారన్న అభిమానులకు ఒక్కటే జవాబు: "పర్సోఁ." మన శహర్‌లో పర్సోఁ అంటే ఎల్లుండీ కావచ్చు, పదేళ్ల కిందటిదీ కావచ్చు. అది తెలిసినవాడికే ఆ నవ్వు.

నేను నవ్వాను. చాలా నవ్వాను. ఆపా నవ్వలేదు. "వాళ్లు అనని మాట అన్నారని రాయడం ఝూట్ కాదా భాయ్? నమాజ్ చదివే పిల్లాడు చేసే పనేనా?" అని నిలదీసింది. ఇది ఒక్క ఆపా సవాల్ కాదు. చాలా ఇళ్లలో అమ్మీలు, అబ్బాలు అడుగుతున్నారు. జవాబు "తౌబా, తౌబా" అని ఫోన్ లాక్కోవడం మాత్రం కాదు.

పేరడీ అన్నది మనకు కొత్త బలా ఏమీ కాదు. లండన్ 'పంచ్' పత్రికను చూసి మున్షీ సజ్జాద్ హుసేన్ లక్నోలో 'అవధ్ పంచ్' పెట్టింది 1877లో. తెలుగు డిగ్రీలో నాకు జరుక్ శాస్త్రి గారి పేరడీలు పరిచయమయ్యాయి. శ్రీశ్రీ కవిత్వాన్ని అంత బాగా వెక్కిరించాలంటే ముందు దాన్ని అంత బాగా చదివి ఉండాలి కదా అని అప్పుడే అనిపించింది. ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాడిని, శ్రీశ్రీ ముందు అర్థమై తర్వాత జరుక్ శాస్త్రికి నవ్వు రావడానికి నాకు ఒక ఏడాది పట్టింది! నఖల్ చూసి నవ్వాలంటే అసల్ తెలిసి ఉండాలి. తెలియనివాడికి నఖలే అసల్.

అసలు తంజ్-ఓ-మిజాహ్‌కి మన అబిడ్స్, మోజంజాహీ మార్కెట్ రాజధాని. 1968లో మొదలైన 'షుగూఫా' అనే నవ్వుల పత్రిక ముస్తఫా కమాల్ సాబ్ సంపాదకత్వంలో మోజంజాహీ మార్కెట్ దగ్గరి బ్యాచిలర్స్ క్వార్టర్స్ నుంచే దశాబ్దాలు నడిచింది. అక్కడికి నడిచివెళ్లేంత దూరంలో అబిడ్స్‌లో 'సియాసత్' దఫ్తర్. అందులో 1962 నుంచి ముజ్తబా హుసేన్ సాబ్ మిజాహియా కాలమ్ రాశారు. 2007లో పద్మశ్రీ వచ్చింది. 2020 మేలో ఆయన పోయినప్పుడు లాక్‌డౌన్, జల్సా కూడా పెట్టుకోలేకపోయాం. ఆయన మనుషుల మీద ఖాకాలు రాసేవారు. బతికున్న దోస్తుల మీద, పెద్ద పెద్ద అదీబుల మీద. రాసి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి జల్సాలో చదివేవారు. ముందు నవ్వేది ఆ మనిషే. ఇతవార్ రోజు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకండి, ముజ్తబా సాబ్ దొరికితే బేరం చేయకుండా కొనండి.

ఇక్కడ ఒక్క సంగతి చూడండి. 'షుగూఫా' చేతిలో పట్టుకున్నవాడికి అది నవ్వుల పత్రిక అని జిల్దు మీదే తెలుస్తుంది. ఖాకా వినేవాడికి ఎవరు చదువుతున్నారో ఎదురుగా కనిపిస్తుంది. ఆ మజాక్‌కి ఒక అడ్రస్ ఉంది. పేజీ చింపి ఒక్క ముక్క ఇంకొకరి చేతిలో పెట్టడం అరుదు. ఫోన్‌లో జరిగేది రోజూ అదే. చింపడం.

మావాడి పేజీకే జరిగింది చెబుతాను. ఒక పోస్టు పెట్టాడు: అజాక్స్ అకాడమీ ఎల్బీ స్టేడియంలో ట్రయల్స్ పెడుతోంది, ఎంపికైనవాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్‌లో శిక్షణ, అర్హతలు ఇవి అంటూ. అర్హతల్లో "రోజుకు నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తినగలగాలి", "కైకూ, నక్కో, హౌ మూడూ డచ్ కోచ్‌కు నేర్పగలగాలి" లాంటివి ఉన్నాయి. పేజీ చూసేవాళ్లు పగలబడి నవ్వారు. ఎవరో పై భాగం మాత్రం స్క్రీన్‌షాట్ తీశారు. క్లబ్ ముద్ర, ట్రయల్స్ తేదీ, స్టేడియం పేరు మిగిలాయి. బిస్కెట్లు, పేరడీ అన్న మాట రెండూ కత్తెరలో పోయాయి. మూడు రోజుల్లో అది మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపుకే తిరిగొచ్చింది, "మన పిల్లలకు మంచి మౌకా, అందరికీ పంపండి" అని కింద రాసుకుని.

నాంపల్లి స్టేషన్ ఎదుటి లాడ్జీల్లో ఒకదాంట్లో పనిచేసే సాబ్ ఒకాయన మాకు తెలుసు. ఆయన చిన్న కొడుకు బాగా ఆడతాడు. ఆ తేదీన ఫజర్ అయ్యాక తండ్రీకొడుకులు స్టేడియం గేటు దగ్గరికి వెళ్లారు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఆధార్ జిరాక్స్, అప్పు చేసి కొన్న బూట్లు. ఎనిమిదింటి దాకా నిలబడ్డారు. ఆ రోజు తండ్రి సగం పూట జీతం పోయింది. సాయంత్రం ఆయన మా ఆపా ఇంటికి వచ్చి అడిగిన మాట: "మియా, తేదీ మారిందా? మీవాడికి ఫుట్‌బాల్ సంగతులు తెలుసు కదా."

ఆయనకు ఇంకా అది మజాక్ అని తెలియదు. చెప్పాల్సింది మావాడే. చెప్పాడు. ఆయన కోప్పడలేదు. "కోయీ బాత్ నై బేటా" అని లేచి వెళ్లారు. మావాడు ఆ రాత్రి భోజనం చేయలేదని ఆపా చెప్పింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి వాదించాడు. "మామూ, మై తో పేరడీ లిఖా థా నా! కాట్ కే భేజే సో దూసరే. ఉస్ మే మేరా క్యా?" వాడి మాటలో ఇన్సాఫ్ ఉంది. చింపినవాడిది గునాహ్. చూడకుండా పంపినవాళ్లది ఇంకా పెద్ద గునాహ్, అందులో మన ఖాందాన్ పెద్దలే నలుగురు ఉన్నారు. అయినా వాడిని పూర్తిగా వదలలేను. పోస్టు రాసేటప్పుడు వాడి కళ్ల ముందు ఉన్నది మొదటి పాఠకుడు: అజాక్స్ తెలిసినవాడు, పేజీ తెలిసినవాడు, పర్సోఁ తెలిసినవాడు. మన ఇళ్లలో ఏ పోస్టూ మొదటి పాఠకుడి దగ్గర ఆగదు. ఖాలాకు వెళ్తుంది, ఫుప్పుకు వెళ్తుంది, గల్ఫ్‌లో ఉన్న భాయ్‌కి వెళ్తుంది, అక్కణ్ణుంచి లాడ్జీ సాబ్‌కు వస్తుంది. రాసేవాడు ఆ ఆఖరి పాఠకుణ్ణి కూడా లెక్కలో వేసుకోవాలి. డచ్ క్లబ్ అసల్ ఏమిటో ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

తొమ్మిది పాయింట్ల గుమ్‌షుదా ఎవరు ఎంత చింపినా ఎవరికీ నష్టం లేదు. పాయింట్ల కోసం క్లోక్ రూంకి ఎవరూ వెళ్లరు. ట్రయల్స్ పోస్టు వేరు. అందులో తేదీ ఉంది, చోటు ఉంది, ఒక పేద తండ్రి ఉమ్మీద్ ఉంది. ట్రయల్స్ పేరు చెప్పి ఫీజు గుంజే మోసగాళ్లు ఉన్న దేశంలో అది మజాక్ చేయదగ్గ వస్తువు కాదు. తేడా పేరడీకీ ఝూట్‌కీ మధ్య కాదు. నమ్మినవాడు మోసపోయేదానికీ నమ్మినా ఏమీ పోనిదానికీ మధ్య.

పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. 2022 నవంబర్‌లో ట్విట్టర్‌లో ఎనిమిది డాలర్లకు నీలం టిక్కు అమ్మిన రోజుల్లో, ఎవరో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఖాతా తెరిచి "ఇక నుంచి ఇన్సులిన్ ఉచితం" అని పెట్టారు. కంపెనీ మాఫీ చెప్పుకోవాల్సి వచ్చింది, మర్నాడు షేరు ధర పడింది. అమెరికాలో ఇన్సులిన్ ధరల మీద అది మంచి తంజే, నేను ఒప్పుకుంటాను. కానీ ఇన్సులిన్ కొనలేని షుగర్ పేషెంట్ ఒక్క గంట అది నమ్మి ఉంటే? 2025 ఏప్రిల్ నుంచి అదే వేదిక, ఇప్పుడు ఎక్స్, పేరడీ ఖాతాలన్నీ పేరు మొదట్లోనే ఆ మాట పెట్టాలని రూలు తెచ్చింది. మంచిదే. అయితే ఆ రూలు ఖాతా పేరుకు, స్క్రీన్‌షాట్‌కు కాదు. అందుకే మావాడికి చెప్పాను: పేరడీ అన్న మాట బొమ్మ మధ్యలో ఉండాలి, కత్తెరకు దొరక్కుండా. క్లబ్ ముద్ర ఉన్నదున్నట్టు వాడకు, వంకర గీయి. జోకు మొదటి లైన్లోనే ఉండాలి, చివర్లో కాదు. కత్తిరించినా జోకే మిగలాలి.

ఖానూన్ మాట కూడా చెప్పుకోవాలి, భయపెట్టడానికి కాదు. పోస్టు పెట్టినందుకు పిల్లల్ని పట్టుకుపోయిన 66ఏ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. నవ్వే హక్కు ఈ దేశంలో ఉంది, దాని కోసం కొట్లాడినవాళ్లు ఉన్నారు. అయినా ఇంకొకరి వేషంలో మోసం చేస్తే ఐటీ చట్టంలో 66డీ ఉంది, అఫ్వాలకు భారతీయ న్యాయ సంహితలో 353 ఉంది. మావాడు మోసగాడు కాదు. కానీ మన పిల్లల పేర్లు చూశాక మజాక్‌ని మజాక్‌గానే చదువుతారన్న భరోసా ఈ రోజుల్లో నాకు లేదు. ఉండాలి. లేదు. తల్లుల భయం ఊరికే పుట్టలేదు.

ఇక దేని మీద నవ్వకూడదన్నది. మావాడికి ఈ విషయంలో నేను నేర్పాల్సింది ఏమీ లేకపోయింది. అబ్దుల్ హక్ నూరీ పేరు నాకు చెప్పింది వాడే. అజాక్స్ కుర్రాడు, మొరాకో ఖాందాన్, ఇరవై ఏళ్లు. 2017 జులై 8న ఆస్ట్రియాలో ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో గుండె ఆగి మైదానంలోనే పడిపోయాడు. మెదడు దెబ్బతింది. అప్పుడు అందాల్సిన సాయం సరిగ్గా అందలేదని క్లబ్ తర్వాత ఒప్పుకుంది. అతని దోస్తులు వేరే క్లబ్బులకు వెళ్లినా అతని 34 నంబర్ వేసుకుని ఆడారు. మావాడి పేజీలో 34 నంబర్ మీద ఒక్క జోకు లేదు, కింద కామెంట్లలో ఎవరైనా వేస్తే తీసేస్తాడు. ఇది ఎవరూ చెప్పకుండా వచ్చిన అదబ్. పిల్లల్ని తిట్టే ముందు ఇది కూడా చూడాలి.

ఆ క్లబ్ చుట్టూ ఇంకో రకం వెక్కిరింత ఉంది. అజాక్స్‌కు యూదుల క్లబ్ అని పాత పేరు. ఎదుటి జట్ల అభిమానులు కొందరు గ్యాస్ చప్పుడు చేస్తూ హిట్లర్ కాలపు మరణాలను గుర్తుచేసి వెక్కిరిస్తారు. దాన్ని కూడా "ఫుట్‌బాల్ మజాకే కదా" అనేవాళ్లు ఉన్నారు. మనకు ఆ మాట ఎంత ఖోఖ్లానో తెలుసు. 2021 అక్టోబర్‌లో పాకిస్తాన్ చేతిలో క్రికెట్ మ్యాచ్ ఓడిన రాత్రి, మైదానంలో పదకొండు మంది ఉంటే మహమ్మద్ షమీ ఒక్కడికే గద్దార్ అన్న మీమ్‌లు పంపారు. అవి చేసినవాళ్లు కూడా నవ్వుతూనే చేశారు. ఒక ఖౌమ్ దుఃఖాన్ని పట్టుకుని నవ్వితే అది ఏ భాషలోనైనా మజాక్ కాదు.

2024 నవంబర్ 7న అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో అజాక్స్, మక్కాబీ టెల్ అవీవ్ మ్యాచ్ జరిగింది. అజాక్స్ 5-0. మ్యాచ్ ముందూ తర్వాతా వీధుల్లో గొడవలు. ఆ రాత్రి ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. మక్కాబీ అభిమానుల మీద దాడి అని పెద్ద పెద్ద వార్తాసంస్థలే రాశాయి. తీసిన ఫోటోగ్రాఫర్ ముందుకొచ్చి, దాంట్లో కొడుతున్నది మక్కాబీ అభిమానులని చెప్పాక సవరణలు వేసుకున్నాయి. మక్కాబీ అభిమానుల మీద దాడులూ జరిగాయి, అది కూడా అబద్ధం కాదు. కానీ ఆ వీడియో అది కాదు. అక్కడ ఎవరూ పేరడీ రాయలేదు. బొమ్మ అసల్, కింద రాసిన మాట నఖల్. ఇరవై ఏళ్లకు పైగా వార్తల దుకాణంలో పనిచేస్తున్నవాడిగా చెబుతున్నాను, మా వాళ్ల తప్పు ముందు మా భాంజా తప్పు చాలా చిన్నది.

హేళన చేయొద్దన్న హుకుం, వచ్చిన ఖబర్‌ను తహ్‌కీక్ చేయమన్న హుకుం రెండూ సూరా హుజురాత్‌లోనే ఉన్నాయి. మన ఇళ్లలో మొదటిది పిల్లలకు గుర్తుచేస్తాం. రెండోది పెద్దలకు ఎవరు గుర్తుచేయాలి? ట్రయల్స్ పోస్టును మా గ్రూపులో వేసిన చాచా ఇప్పటికీ "మంచి ఉద్దేశంతోనే పంపాను" అంటున్నారు. ఒక ఫోన్ చేస్తే తెలిసేది. మావాడికే చేయొచ్చు, నంబర్ ఉంది!

ఆ గొడవంతా అయ్యాక మావాడిని ఒకటి అడిగాను. క్రైఫ్ ఏ ఏడాది ఏం గెలిచాడో నిద్రలో లేపినా చెబుతావు. రహీమ్ సాబ్ గురించి ఏం తెలుసు? అజయ్ దేవ్‌గణ్ సినిమా పేరు చెప్పాడు. 2024లో 'మైదాన్' రాకపోతే అదీ ఉండేది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్, మన శహర్ బడి మాస్టర్. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం. మర్నాటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఇదంతా మన మొహల్లాలో అందరికీ తెలిసి ఉంటే రహీమ్ సాబ్ పేరుతో ఎంత కమ్మటి పేరడీ రాయొచ్చు! ఈ కాలపు క్లబ్ మాలిక్‌లకు రహీమ్ మాస్టర్ రాసే చుట్టీ చిట్టీ, ఢిల్లీ వెళ్లిపోయిన జట్టుకు హాజరుపట్టీ. రాస్తే నవ్వేవాళ్లు ఎంతమంది? అసల్ తెలిసినవాళ్లే తక్కువ. అందుకే మన పిల్లల నవ్వు ఆమ్‌స్టర్‌డామ్ పోయి పుడుతోంది.

లాడ్జీ సాబ్ కొడుకును మావాడు ఇప్పుడు ఆదివారాలు తనతో ఆడటానికి తీసుకెళ్తున్నాడు. నిజమైన ట్రయల్స్ ఎక్కడ, ఎప్పుడు అని జిల్లా సంఘాన్ని అడిగి తెలుసుకుని వాళ్ల అబ్బాకు చెప్పే పని కూడా వాడికే అప్పగించాను. ఆపా మాత్రం పేజీ బంద్ చేయించమని ఇంకా అడుగుతోంది. చేయించను. నిన్న కొత్త పోస్టు వచ్చింది: క్లబ్ ముద్ర వంకరగా, నుదుటి మీద 'నఖలీ' అని పెద్ద అక్షరాలు, కింద అజాక్స్ యాజమాన్యం ప్రకటన. "1948లో మా మీద పడిన ఐదు గోల్స్ వాపసు ఇవ్వగలరు. బూట్లు లేకుండా వేసినవి చెల్లవు."